ఉద్దానంలో నీరు మారింది, ఇక లెక్క మొదలు కావాలి

2023 డిసెంబరు 14న శ్రీకాకుళం జిల్లా పలాసలో రెండు ప్రారంభోత్సవాలు ఒకే రోజు జరిగాయి. ఒకటి 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, దానితో పాటు పరిశోధన కేంద్రం. రెండోది సుమారు రూ.700 కోట్ల ఖర్చుతో హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని పైపులైన్ల ద్వారా ఉద్దానం ఊళ్లకు తెచ్చే మంచినీటి పథకం. ఆ తర్వాత జరిగిన చర్చ చాలావరకు ఎవరి హయాంలో ఎంత పని అయింది, ఎంత మిగిలింది అన్నదాని చుట్టూనే తిరిగింది. ఆ లెక్కలు అవసరమే. కానీ ఆ రెండు పనులూ పక్కపక్కనే మొదలు కావడంలో మరో అవకాశం ఉంది. రెండు దశాబ్దాలకు పైగా ఉద్దానాన్ని పీల్చి పిప్పి చేస్తున్న కిడ్నీ జబ్బుకు నీరే కారణమని అక్కడి జనం గట్టిగా అనుమానిస్తూ వచ్చారు. ఇప్పుడు ఆ నీటినే మార్చాం. మార్చిన తర్వాత ఏం జరుగుతుందో కనిపెట్టి చూడగల సంస్థ కూడా అక్కడే ఉంది. ఆ అనుమానం నిజమో కాదో తేల్చుకునే ఇలాంటి సందర్భం ఒక ప్రాంతానికి మాటిమాటికీ రాదు. దాన్ని చేజార్చుకుంటే ఇంకో తరం పాటు ఊహల మీదే బతకాల్సి వస్తుందన్నది నా భయం.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎవరినడిగినా ఈ జబ్బు గురించి వైద్య విద్యార్థి చెప్పినంత స్పష్టంగా చెబుతారు. కొబ్బరి తోటలో ఇద్దరు ఎదురుపడితే పలకరింపులు అయ్యాక వచ్చే ప్రశ్న, "మావా, నీకెంతుందేటి?" అని. అడిగేది క్రియాటినిన్ గురించి, అంటే కిడ్నీలు బయటికి పంపాల్సిన ఒక వ్యర్థం రక్తంలో ఎంత మిగిలి ఉందన్నది. జవాబు కూడా దశాంశ స్థానంతో సహా వస్తుంది. ఆ అంకెను చొక్కా జేబులో మడిచి పెట్టుకున్న ల్యాబు చీటీ మీద చూపిస్తారు. చీటీ అంతా ఇంగ్లీషులో ఉంటుంది కనుక ఆ ఒక్క అంకె తప్ప మిగతాది ఏమిటో చాలామందికి తెలియదు. పక్కనే ఉన్న వడపోత రేటు (కిడ్నీలు రక్తాన్ని ఎంత వేగంగా వడకడుతున్నాయన్న కొలత), మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీను నిష్పత్తి వంటివి అంతకంటే ముఖ్యమైన సంగతులు చెబుతున్నా వాటిని విప్పి చెప్పేవారు తక్కువ.

ఈ జబ్బు స్వభావం తెలిస్తే తప్ప పరిశోధన ఎందుకింత కష్టమో అర్థం కాదు. మామూలుగా మన దేశంలో కిడ్నీలు పాడవడానికి మధుమేహం, అధిక రక్తపోటు ప్రధాన కారణాలు. ఉద్దానంలో ఈ రెండూ లేనివారికి, అందులోనూ పొలం పనుల్లో ఉన్న నడివయసువారికి వస్తోంది. మూత్రంలో ప్రొటీను పెద్దగా పోదు. కాళ్లకు నీరు పట్టదు. కాబట్టి మామూలు మూత్ర పరీక్షకు దొరకదు. రెండు కిడ్నీల్లోనూ కలిపి ఉండే లక్షలాది సూక్ష్మ వడపోత గొట్టాల్లో ఒక్కొక్కటే మచ్చకట్టి పోతుంటే, మిగిలినవి ఆ భారాన్ని మోస్తూ పోతాయి. క్రియాటినిన్ 1 దగ్గర ఉన్న మనిషికి అది 2కు చేరేసరికి వడపోత శక్తి దాదాపు సగం పోయినట్టే. ఆ సగం పోయే కాలమంతా మనిషి పనికి వెళుతూనే ఉంటాడు. వైద్యులు దీన్ని కారణం తెలియని దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అంటారు. శ్రీలంకలో అనూరాధపురం ప్రాంతంలో 1990ల నడుమ నుంచి, మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల కూలీల్లో ఇంచుమించు అదే కాలం నుంచి కనిపిస్తున్న జబ్బులు దీనికి దగ్గరివే.

మనకు తెలిసినదాన్ని తక్కువ చేసి చూడనక్కర లేదు. ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం మాజీ వైస్‌చాన్సలర్, కిడ్నీ వైద్య నిపుణుడు డాక్టర్ టి.రవిరాజు బృందం చేసిన అధ్యయనం 2019లో అంతర్జాతీయ పత్రికలో వచ్చింది. రెండు వేల మందికి పైగా పరీక్షిస్తే సుమారు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఉందని, వారిలో ఎక్కువమందికి తెలిసిన కారణమేదీ కనిపించలేదని తేలింది. మరుసటి ఏడాది జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థ బృందం వేరే పద్ధతిలో ఊళ్లను ఎంపిక చేసి చేసిన అధ్యయనంలో ఆ సంఖ్య 21 శాతం దాకా వచ్చింది. ప్రపంచం మొత్తం మీద వయోజనుల్లో పది మందికి ఒకరికి కిడ్నీ వ్యాధి ఉంటుందని అంచనా. ఉద్దానంలో అది ఐదుగురికి ఒకరు. వేర్వేరుగా జరిగిన రెండు అధ్యయనాలు ఇంత దగ్గర అంకెలకు రావడంతో, జబ్బు తీవ్రతపై ఉన్న సందేహం తీరిపోయింది. ఇక ఎంతమందికి ఉందని మళ్లీ మళ్లీ కొలవడం వల్ల ఒరిగేది కొంచెమే. ఎందుకు వస్తోందన్నది ఈ తరహా సర్వేలకు అందే ప్రశ్న కాదు. అవి ఒక కాలంలో ఊరిని చూసినప్పుడు ఎవరు ఎలా ఉన్నారో చెబుతాయి. ఎవరు దేనివల్ల అలా అయ్యారో చెప్పాలంటే అదే మనుషులను ఏళ్ల తరబడి వెన్నంటి ఉండాలి.

నీటి విషయంలో ఇదే జరిగింది. సిలికా, ఫ్లోరైడ్, భార లోహాలు, పురుగుమందుల అవశేషాలు అంటూ ఒక్కో బృందం ఒక్కో అనుమానంతో బావులు, బోర్ల నీటిని పరీక్షించింది. ఏ ఒక్క పదార్థమూ ఇదే దోషి అని అందరూ ఒప్పుకునే స్థాయిలో తేలలేదు. దీన్నిబట్టి నీటికి సంబంధం లేదని కూడా అనలేం. ఈ రోజు బోరులో ఉన్న నీరు, ఇరవై ఏళ్ల కిందట అదే ఇంటివారు తాగిన నీరు ఒకటి కాకపోవచ్చు. జబ్బు ముదరడానికి పట్టే కాలం అంతటిది. ఇక్కడ శ్రీలంక అనుభవాన్ని గుర్తు చేసుకోవాలి. గ్లైఫోసేట్ అనే కలుపుమందు వల్లే ఈ జబ్బు వస్తోందన్న వాదన బలం పుంజుకుని 2015లో ఆ దేశం దాన్ని నిషేధించింది. రుజువు పూర్తిగా కుదరకముందే తీసుకున్న ఆ నిర్ణయాన్ని తర్వాత దశలవారీగా సడలించాల్సి వచ్చింది. ఒకే అనుమానాన్ని పట్టుకుని మొత్తం విధానాన్ని దానికి కట్టేస్తే, ఆ అనుమానం తప్పని తేలిన రోజున మిగతా దారుల్లో పోయిన కాలం తిరిగి రాదు.

మరి నీరు మారిన ఉద్దానంలో ఏం చేయవచ్చు? ఈ ప్రశ్నకు 1854 నాటి లండన్‌లో ఒక జవాబు ఉంది. అప్పట్లో నగరం దక్షిణ భాగంలో రెండు కంపెనీలు ఒకే వీధిలోని ఇళ్లకు నీరిచ్చేవి. వాటిలో లాంబెత్ కంపెనీ 1852లో తన నీటి తోడకాన్ని థేమ్స్ నది ఎగువకు, మురుగు కలవని చోటుకు మార్చింది. రెండో కంపెనీ కిందనే ఉండిపోయింది. కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు ఏ ఇంటికి ఏ కంపెనీ నీరు వస్తోందో ఇంటింటికీ వెళ్లి కనుక్కున్నాడు. ప్రతి పది వేల ఇళ్లకు మురుగు నీటి కంపెనీ వాడుకదారుల్లో 315 మరణాలు, ఎగువ నీటి వాడుకదారుల్లో 37 మరణాలు లెక్కతేలాయి. కలరా సూక్ష్మజీవి ఏమిటో ఆయనకు తెలియదు. తెలియకుండానే అది నీటి ద్వారా వస్తోందని చూపగలిగాడు. ఎవరికి ఏ నీరు, ఏ తేదీ నుంచి అన్న చిన్న సమాచారంతోనే అది సాధ్యమైంది.

ఉద్దానంలోనూ నీరు అన్ని ఊళ్లకూ ఒకే రోజు చేరలేదు. ఏ ఊరికి ఏ నెలలో చేరింది, ఏ వీధిలో కుళాయి ముందు వచ్చింది, మరమ్మతుల కోసం ఎన్నాళ్లు ఆగింది అన్న వివరాలు గ్రామీణ నీటి సరఫరా విభాగం రికార్డుల్లోనో, ఊరి ఫిట్టరు జ్ఞాపకంలోనో ఉంటాయి. ఆ తేదీలను కిడ్నీ పరీక్షల ఫలితాలతో ఊరి వారీగా కలిపి చూస్తే, ముందు నీరు అందిన ఊళ్లకూ ఆలస్యంగా అందిన ఊళ్లకూ మధ్య పదేళ్లలో తేడా కనిపిస్తుందో లేదో తెలుస్తుంది. దీనికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు. ఆ తేదీలు ఇప్పుడే రాసిపెట్టుకోవాలి. ఊరి ఫిట్టరు మారిపోతే, ఇంజినీరుకు బదిలీ అయితే ఆ సమాచారం పోయినట్టే.

ఇందులో ఒక చిక్కు ఉంది. దాన్ని ముందే జనానికి చెప్పకపోతే రేపు పెద్ద నిరాశ తప్పదు. నీరు మారినంత మాత్రాన డయాలసిస్ రోగుల సంఖ్య వెంటనే తగ్గదు. ఇప్పటికే సగం వడపోత శక్తి కోల్పోయినవారికి, కారణం తొలగిపోయినా మిగిలిన గొట్టాల మీద భారం తగ్గదు కాబట్టి జబ్బు ముదురుతూనే ఉంటుంది. పైగా ఆసుపత్రి దగ్గరకు వచ్చాక పరీక్షలు పెరిగాయి, కొత్త కేసులు బయటపడుతున్నాయి. ఇదివరకు పేరు లేకుండా పోయిన మనిషి ఇప్పుడు రికార్డులోకి వస్తున్నాడు. డయాలసిస్ చేయించుకునేవారికి నెలకు రూ.10 వేల పింఛను అందుతుండడంతో నమోదు కూడా మెరుగుపడుతుంది. ఇవన్నీ మంచివే. కానీ వీటివల్ల సంఖ్య పెరిగినప్పుడు, వంశధార నీళ్లొచ్చినా జబ్బు తగ్గలేదన్న మాట తేలిగ్గా పుడుతుంది. అలాగే కొన్నేళ్ల తర్వాత సంఖ్య తగ్గితే అది నీటి పుణ్యమేనన్న మాట కూడా అంతే తేలిగ్గా పుడుతుంది. రెండింటికీ ఆధారం ఉండదు. కొత్త నీటి ప్రభావం తెలియాలంటే చూడాల్సింది డయాలసిస్ గదిలో కాదు, ఇంకా జబ్బు రానివారిలో. ఏడాదికి ఎంతమంది ఆరోగ్యవంతుల వడపోత రేటు కిందికి జారడం మొదలైందన్నదే అసలైన కొలత.

ఆ కొలతలో కూడా జాగ్రత్త కావాలి. తమిళనాడు వ్యవసాయ కూలీలపై జరిగిన ఒక అధ్యయనం 2025లో ప్రచురితమైంది. అందులో 3,350 మందిని పరీక్షించినప్పుడు తొలి విడతలో సుమారు 17 శాతం మందికి వడపోత రేటు తక్కువగా కనిపించింది. మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షిస్తే దీర్ఘకాలిక వ్యాధి అని నిర్ధారణ అయినవారు 5 శాతం చిల్లర మాత్రమే. వారిలో దాదాపు సగం మందికి తెలిసిన కారణం లేదు. అంటే తొలి పరీక్షలో తేలినవారిలో చాలామంది కిడ్నీలు తాత్కాలికంగా దెబ్బతిని మళ్లీ కోలుకున్నాయి. వేసవిలో ఒక్కరోజు శిబిరం పెట్టి, అప్పుడే పొలం నుంచి చెమటలు కక్కుతూ వచ్చిన మనిషి రక్తం తీసి, సాయంత్రానికి అతణ్ని కిడ్నీ రోగి అనేయడం ఎంత పొరపాటో ఈ అధ్యయనం చెబుతోంది. ఆ ఒక్క మాటతో పిల్లకు సంబంధం తప్పిపోయిన ఇళ్లు, తోట అమ్ముకుని విశాఖ ఆసుపత్రులకు పరుగెత్తిన ఇళ్లు ఉద్దానంలో ఉన్నాయి. అదే సమయంలో ఆ తాత్కాలిక దెబ్బను కొట్టిపారేయకూడదు. ఎండలో పనిచేసే మనిషికి ప్రతి వేసవిలోనూ అలాంటి దెబ్బ తగులుతూ పోతే అదే శాశ్వతంగా మారుతుందా అన్నది ఇప్పుడు పరిశోధకులందరినీ వేధిస్తున్న ప్రశ్న.

ఇక్కడే మన చర్చ నీటి దగ్గర ఆగిపోవడం నాకు ఆందోళన కలిగిస్తోంది. నికరాగువా, ఎల్ సాల్వడార్ పరిశోధనలు ఏళ్లుగా వేడి వైపు వేలు చూపుతున్నాయి. ఒళ్లంతా చెమటగా పోయి రక్తం చిక్కబడినప్పుడు, కండరాలు అలసి కరిగినప్పుడు కిడ్నీకి రక్త ప్రసారం తగ్గుతుంది, వడపోత గొట్టాలకు గాయమవుతుంది. నికరాగువాలోని ఒక పెద్ద చక్కెర కర్మాగారం చెరకు నరికేవారికి నీడ, నీళ్లు, తప్పనిసరి విరామాలు పెంచినప్పుడు ఆ పంట కాలంలో కిడ్నీలు దెబ్బతిన్నవారి నిష్పత్తి బాగా తగ్గినట్టు పరిశోధకులు నమోదు చేశారు. పనిచోట వేడి వల్ల వచ్చే దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధితో ప్రపంచంలో 2.62 కోట్ల మంది జీవిస్తున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో అంచనా వేసింది. 2025 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ కిడ్నీ ఆరోగ్యంపై మొట్టమొదటిసారిగా తీర్మానం చేసింది.

మన తీరంలో వేడి థర్మామీటరుకు సరిగా దొరకదు. వాతావరణ శాఖ లెక్కలో మైదాన ప్రాంతాల్లో వడగాలి అనాలంటే 40 డిగ్రీలు దాటాలి, తీరంలో 37 డిగ్రీలు. మేలో కవిటిలో 35 డిగ్రీలున్న రోజు పత్రికలో వార్త కాదు. కానీ సముద్రం మీద నుంచి వచ్చే తేమలో చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. కొబ్బరి చెట్టెక్కి దింపు తీసేవారికి, జీడితోటలో తుప్పలు కొట్టేవారికి, పలాస జీడి పరిశ్రమల్లో పిక్కలను ఆవిరి పట్టే బాయిలర్ల పక్కన నిలబడేవారికి ఒంట్లో వేడి ఎంత పెరుగుతోందో ఏ బులెటినూ చెప్పదు. వేడిని తేమతో, గాలితో, ఎండతో కలిపి కొలిచే పరికరాలు ఇప్పుడు అరచేతిలో ఇమిడేంత చిన్నవి అయ్యాయి. పరిశోధన కేంద్రం వాటిని కొన్ని తోటల్లో, కొన్ని పరిశ్రమల్లో పెట్టి, అక్కడ పనిచేసేవారి రక్తాన్ని వేసవికి ముందు, తర్వాత పరీక్షిస్తే ఒకటి రెండేళ్లలోనే విలువైన జవాబు వస్తుంది. నీటి ప్రశ్నకు పదేళ్లు కావాలి. వేడి ప్రశ్నకు అంతకాలం అక్కర్లేదు.

ఇంకో సంగతి కూడా ఈ లెక్కలోకి రావాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను వజ్రపుకొత్తూరు మండలం దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. ఆదాయం పోయిన సంగతి అందరం మాట్లాడుకున్నాం. నీడ పోయిన సంగతి ఎవరూ మాట్లాడలేదు. కొత్త కొబ్బరి మొక్క మనిషికి నీడనిచ్చే ఎత్తుకు ఎదగడానికి ఏళ్లు పడుతుంది. తోటలో నీడన పనిచేసిన మనిషి ఆ ఏళ్లన్నీ బట్టబయలు ఎండలో పనిచేశాడు, లేదా పని వెతుక్కుంటూ వలస పోయాడు. నీరు మారింది 2023లో, నీడ పోయింది 2018లో. ఈ రెండు మార్పులనూ విడదీసి చూడకపోతే రేపు వచ్చే ఏ ఫలితాన్నయినా తప్పుగా చదువుతాం.

ఒళ్లునొప్పుల మాత్రల విషయం వైద్యులందరికీ తెలిసిందే, అయినా దీని మీద పని జరగవలసినంతగా జరగలేదు. రోజంతా గునపం పట్టినవాడు సాయంత్రం మందుల దుకాణంలో పేరు కూడా అడగకుండా రెండు మాత్రలు తెచ్చుకుని వేసుకుంటాడు. ఊరి ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకుంటాడు. డైక్లోఫెనాక్ వంటి ఈ మందులు కిడ్నీకి రక్తప్రసారాన్ని తగ్గిస్తాయి. ఒంట్లో నీరు తగ్గిన మనిషికి ఆ దెబ్బ రెట్టింపవుతుంది. జబ్బుకు మూలకారణం ఏదైనా సరే, వీటిని తగ్గించడం వల్ల నష్టపోయేవాళ్లెవరూ లేరు. ఎండకు ముందే పని మొదలుపెట్టి పదిన్నర, పదకొండుకల్లా ఆపించడం, గంటగంటకూ నీడలో విరామం, పనిచోట శుభ్రమైన నీరు కూడా ఇలాంటివే. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే పనిచోట తాగునీరు, విశ్రాంతి, ప్రథమ చికిత్స ఉండాలని రాశారు. కారణం తేలేదాకా ఆగాల్సిన పనులు కావివి.

పరిశోధన పద్ధతికి మళ్లీ వద్దాం. మనిషి తాగేది ఏ నీరో తెలుసుకోవడం పైకి కనిపించినంత సులువు కాదు. ఇంట్లో కుళాయి ఉన్నా, తెల్లవారుజామున తోటకు బయలుదేరేవాడు సీసాలో నింపుకునేది కుళాయి నీరా, ఇంటి వెనక బావి నీరా, ఇరవై లీటర్ల క్యాను నీరా? మధ్యాహ్నం అది అయిపోతే పొలంలో బోరు దగ్గర దోసిలి పడతాడా? వంట దేనితో చేస్తున్నారు? రుచి కోసం పాత బావి నీటినే తాగే పెద్దవాళ్లు ఎందరు? ఈ ప్రశ్నలు అడగకుండా ఫలానా ఊరికి సురక్షిత నీరు అందిందని రాసుకుంటే ఆ కాగితం మీది ఊరు, నిజంగా బతుకుతున్న ఊరు వేర్వేరు అవుతాయి. నగరం నుంచి వచ్చే బృందం కన్నా ఊరి ఆశా కార్యకర్త ఈ ప్రశ్నలు బాగా అడగగలదు. ఆమెకు ఏ ఇంట్లో ఎవరు ఎన్నింటికి లేస్తారో తెలుసు. అయితే ఇప్పటికే ఆమె మీద ఉన్న పని మీద మరో ఫారం పడేసి, గౌరవ వేతనం పెంచకుండా చేయించుకోవడం అన్యాయం.

వలస ఇంకా పెద్ద చిక్కు. ఉద్దానం యువకులు భవన నిర్మాణ పనులకు హైదరాబాద్, చెన్నై, ఇంకా దూరం పోతారు. శిబిరం పెట్టిన రోజున ఊళ్లో దొరికేది ముసలివాళ్లు, ఆడవాళ్లు, జబ్బుతో తిరిగొచ్చినవాళ్లు. పాతికేళ్ల కుర్రాడు ఏ సర్వేలోనూ దొరకడు. అతను ఏ ఊరి నీరు తాగుతున్నాడు, ఏ ఎండలో పనిచేస్తున్నాడు అన్నది కూడా తెలియదు. వాళ్లను వదిలేసిన లెక్క ఉద్దానం లెక్క కాదు. సంక్రాంతికో, ఊరి అమ్మవారి సంబరానికో అందరూ ఇల్లు చేరే రోజుల్లో పరీక్షలు పెట్టడం, ఫోనులో మూడు నెలలకోసారి పలకరించడం వంటివి ఖర్చు లేని ఉపాయాలు. ఆరోగ్య రికార్డులను ఒకే సంఖ్యతో ముడిపెట్టే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ 2021 నుంచి దేశమంతటా ఉంది. హైదరాబాద్‌లో చేయించుకున్న పరీక్ష పలాస వైద్యుడికి కనిపించే వీలు సాంకేతికంగా ఇప్పుడు ఉంది. ఆ సమాచారం ఎవరు చూడవచ్చు, ఎవరు చూడకూడదు అన్నది మాత్రం రోగికి తెలుగులో, సంతకం పెట్టించుకోక ముందు చెప్పాలి.

ఇన్నేళ్ల పాటు మనుషులను వెన్నంటి ఉండడం మన దగ్గర సాధ్యమా అన్నవారికి తెలుగు నేల మీదే ఉదాహరణ ఉంది. 1987-90 మధ్య హైదరాబాద్ పరిసర గ్రామాల్లో గర్భిణులకు, పిల్లలకు పౌష్టికాహారం ఇచ్చి జాతీయ పోషకాహార సంస్థ ఒక అధ్యయనం చేసింది. అప్పుడు పుట్టిన పిల్లలను పరిశోధకులు 2003 నుంచి మళ్లీ వెతికి పట్టుకుని, వారు పెద్దవారయ్యేదాకా వారి గుండె, ఎముకలు, రక్తపోటు గమనిస్తూ వచ్చారు. తల్లి తిన్న తిండి బిడ్డ యౌవనం మీద ఎలా పనిచేస్తుందో ఇలాంటి ఓపిక వల్లనే తెలుస్తుంది. అక్కడ చేయగలిగినది ఇక్కడ చేయలేకపోవడానికి కారణం కనిపించదు.

అందులోనూ ఉద్దానం బడి పిల్లలు ఈ లెక్కకు ప్రాణం. 2023కు ముందు ఐదేళ్లు నిండినవారు పాత నీటితో కొంత పెరిగారు. ఆ తర్వాత పుట్టినవారు కొత్త నీటితోనే పెరుగుతారు. నికరాగువాలో ఈ జబ్బు ఉన్న ప్రాంతంలోని బడి వయసు పిల్లల మూత్రంలో, వాళ్లు ఇంకా పొలం పనిలో దిగకముందే, కిడ్నీ గొట్టాలకు గాయమైన ఆనవాళ్లు ఎక్కువగా కనిపించాయని 2016లో వచ్చిన ఒక అధ్యయనం తెలిపింది. ఇక్కడి పిల్లల్లో అలాంటి ఆనవాళ్లు ఉన్నాయా, కొత్త నీటి తరంలో తగ్గుతున్నాయా అన్నది చూస్తే, పెద్దల్లో ఫలితం కోసం ఇరవై ఏళ్లు ఆగనవసరం లేదు. బడి ఆరోగ్య పరీక్షల వ్యవస్థ ఎలాగూ ఉంది. అయితే ఇది చాలా సున్నితమైన పని. కిడ్నీలో ఏదో ఉందట అన్న మాట పదమూడేళ్ల పిల్ల మీద పడితే ఆమె బతుకంతా ఆ ముద్రతోనే నడుస్తుంది. ఫలితం తల్లిదండ్రులకు తప్ప మరెవరికీ తెలియని ఏర్పాటు లేకుండా ఈ పరీక్షలు మొదలుపెట్టకూడదు.

కొత్త సాంకేతికత మీద కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దాన్ని మన మీదకు తెచ్చే ఉత్సాహం ఇప్పుడు ఎక్కువగా ఉంది. వేలి చివర చుక్క రక్తంతో క్రియాటినిన్ చెప్పే పరికరాలు వచ్చాయి. అవి ఆరోగ్య ఉపకేంద్రం దాకా చేరితే మేలే. ఫోను కెమెరాతో మూత్ర పరీక్ష చేసే పద్ధతులు మాత్రం అల్బుమిన్ ఆధారంగా పనిచేస్తాయి, ఉద్దానం జబ్బులో అల్బుమిన్ ఆలస్యంగా గానీ కనిపించదు. కాబట్టి ఇక్కడ అవి అంతా బాగుందని తప్పుడు ధైర్యం ఇచ్చే ప్రమాదం ఉంది. క్రియాటినిన్ నుంచి వడపోత రేటును లెక్కగట్టే సూత్రాలు కూడా ప్రధానంగా ఇతర దేశాల జనాభా మీద తయారైనవి. క్రియాటినిన్ కండరం నుంచి వస్తుంది. బక్కపలచటి మన కూలీకి కండ తక్కువ కనుక కిడ్నీ పాడైనా అంకె చిన్నదిగానే కనిపించవచ్చు. వేరే దేశాల సమాచారంతో నేర్చిన కృత్రిమ మేధ కూడా ఈ పొరపాటునే వేగంగా చేస్తుంది.

మందుల విషయంలోనూ పరిస్థితి ఇలాంటిదే. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ మందులు మధుమేహం లేనివారిలో కూడా కిడ్నీ జబ్బు ముదరడాన్ని నెమ్మదింపజేస్తాయని 2020, 2023లలో వెలువడిన పెద్ద ప్రయోగాలు చూపాయి. పేటెంట్ల గడువు ముగియడంతో మన దేశంలో వీటి ధరలు బాగా పడిపోయాయి. కానీ ఇవి మూత్రాన్ని పెంచే మందులు. మే ఎండలో రోజంతా చెమటోడ్చే మనిషికి, అల్బుమిన్ పోని ఈ తరహా జబ్బుకు ఎంత మేలు చేస్తాయో, కీడేమైనా ఉందో తేల్చాల్సింది ఇలాంటి రోగులున్న చోటే. పలాస కేంద్రం నుంచి ప్రపంచం ఆశించదగిన జవాబుల్లో ఇదొకటి.

ఫలితాలను తిరిగి జనానికి అప్పగించడం గురించి నేను గట్టిగానే చెప్పదలచుకున్నాను. ఇన్నేళ్లుగా ఉద్దానం జనం చేతులు చాచి రక్తం ఇచ్చారు, మూత్రం ఇచ్చారు, బావి నీళ్లు సీసాల్లో పట్టించి ఇచ్చారు. వాటితో తేలినది వాళ్లకు అర్థమయ్యే భాషలో తిరిగి వచ్చిన సందర్భాలు చాలా తక్కువ. పరిశోధనలో పాల్గొన్న సమాజానికి ఫలితాలు తెలియజేయాలని భారత వైద్య పరిశోధన మండలి 2017 నైతిక మార్గదర్శకాలే చెబుతున్నాయి. ఎలా తెలియజేయాలన్న దానికి విద్యారంగంలో వచ్చిన ఒక పరిశోధన దారి చూపుతుంది. కోల్‌కతా, ఢిల్లీ బజార్లలో సరుకులు అమ్మే పిల్లలు నోటితో చకచకా చేసే లెక్కలను పాఠ్యపుస్తకం రూపంలో ఇస్తే చేయలేకపోయారని, బడి లెక్కలు వచ్చిన పిల్లలు బజారు లెక్కలు చేయలేకపోయారని అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం 2025లో నేచర్ పత్రికలో వెల్లడించింది. మనిషికి అలవాటైన రూపంలో లేని జ్ఞానం ఎంత సరైనదైనా చేతికందదు. ఉద్దానం మనిషికి క్రియాటినిన్ అంకె అలవాటైంది. వడపోత రేటును శాతాల పట్టికగా కాక, పోయిన ఏడాది నీ కిడ్నీలు ఇంత పని చేశాయి, ఈ ఏడాది ఇంత, మీ ఊళ్లో నీ వయసువాళ్లలో ఇంతమందికి ఇలా ఉంది అని తెలుగులో ఒక చీటీ మీద రాసిస్తే ఆ చీటీని అతను దాచుకుంటాడు. వచ్చే ఏడాది పరీక్షకు తనే వస్తాడు. నమ్మకం ఉన్నచోటే పదేళ్ల అధ్యయనం నిలుస్తుంది.

ఇవన్నీ చేయడానికి డబ్బు పెద్ద అడ్డంకి కాదు. కొన్ని వేల మందిని పదేళ్లు గమనించడానికి అయ్యేది పైపులైను ఖర్చులో చిన్న పాలు. అసలు అడ్డంకి, సమాచారం మూడు శాఖల్లో మూడు ముక్కలుగా ఉండడం. కుళాయి తేదీలు నీటి సరఫరా విభాగం దగ్గర, పరీక్షల ఫలితాలు వైద్యారోగ్య శాఖ దగ్గర, పిల్లల వివరాలు పాఠశాల విద్యాశాఖ దగ్గర ఉన్నాయి. ప్రైవేటు పరిశోధక బృందాలు తమ పరిధిలో కొందరిని కొన్నేళ్లు గమనించగలవు, కానీ ఈ మూడింటినీ కలిపే అధికారం వాటికి లేదు. ఆ అధికారం జిల్లా కలెక్టరుకు ఉంది. అంబేద్కర్ విశ్వవిద్యాలయం, శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల దగ్గర గణాంకాలు, సమాజ వైద్యం చదివిన అధ్యాపకులున్నారు. వారికి పలాస కేంద్రంలో స్థానం, తగినంత స్వేచ్ఛ ఇచ్చి, ప్రభుత్వాలు మారినా ఆగని నిధి ఏర్పాటు చేసి, ఏటా ఫలితాన్ని గ్రామ సభలో పెట్టేలా ఉత్తర్వు ఇవ్వవచ్చు. పని మొదలు పెట్టాల్సింది ఊరి వారీ కుళాయి తేదీల జాబితాతో. గ్రామ సచివాలయాల సాయంతో ఈ వేసవిలోగా దాన్ని పూర్తి చేయవచ్చు. ఆ జాబితాను బహిరంగంగా పెడితే తప్పులు దిద్దడానికి ఊళ్లవాళ్లే ముందుకొస్తారు.